అరువు అంచు

సిప్పర్ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికంటే ముందు బూరియాకే తెలిసేది. అందుకతను ఎవరి గుమ్మం తొక్కి అడగక్కర్లేదు, వాళ్ళ మూట విప్పితే చాలు. నువ్వుల నూనె మరకలు ఎక్కువుంటే ఆ ఇంట్లో విందు జరిగినట్టు. మోకాళ్ళ దగ్గర మట్టి కొట్టుకుపోయి ఉంటే ఇంటాయన గుళ్ళో ఏదో గట్టిగానే మొక్కుకున్నట్టు. మొగుడి బట్ట ఒక మూటలో, పెళ్ళాం బట్ట ఇంకో మూటలో వచ్చాయంటే ఆ ఇంట్లో మాటలు బందయినట్టు. బూరియా అన్నీ చూసేవాడు, ఏదీ పైకి అనేవాడు కాదు. చాకలికి నోరుంటే రేవుకు బట్టలు రావని అతనికి బాగా తెలుసు.

అతని రేవు యూఫ్రటీసు ఒడ్డున, బీరు దుకాణాల వీధికి దిగువన ఉండేది. పొద్దున్నే తొట్టిలో చౌడు కలిపి, బట్టలు వేసి, గట్టు మీది కర్ర పట్టుకుని తొక్కడం మొదలుపెడితే మిట్టమధ్యాహ్నం దాకా తొక్కుతూనే ఉండేవాడు. ఆ చౌడు నీళ్ళలో నాని నాని అతని కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లబడ్డాయి. అక్కణ్ణించి పైన మామూలు నలుపే. ఊళ్ళో ఆడవాళ్ళు అతన్ని రెండు రంగుల మనిషి అని ఆటపట్టించేవారు. అతనూ నవ్వేవాడు.

ఇంతమంది బట్టలు తెల్లగా చేసే మనిషికి తనదంటూ ఉన్నది ఒక గోచీ, ఒక పైగుడ్డ. ఆ పైగుడ్డకు అంచు లేదు. వాళ్ళ నాన్న కట్టుకునే రోజుల్లో ఉండేదట.

ఒక ఏడు వసంతకాలంలో నది పొంగింది. పొంగడం దానికి ఏటా ఉన్న అలవాటే. కానీ ఆ ఏడు సరిగ్గా బూరియా రొట్టె తిని కునుకు తీసే వేళ చూసుకుని పొంగింది. అతను కళ్ళు తెరిచేసరికి ఒడ్డున ఆరేసిన పద్నాలుగు బట్టలు బాబిలోను దారి పట్టాయి. బట్టలు పోగొడితే చాకలే కట్టుకోవాలి, అది రాజుగారు వచ్చి చెప్పినా మారదు. సాయంత్రానికి పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ వాకిట్లో నిలబడ్డారు. అందరిదీ లెక్కేస్తే ఆరు గాడిద మోతల యవలు తేలింది.

"హుజాలక్క దగ్గరికి పో" అంది పెళ్ళాం రుత్తు. "ఇంత ఇచ్చే స్థోమత ఈ వీధిలో ఆమెకే ఉంది."

"ఈ గుడ్డ కట్టుకుని పోతే అప్పు కాదుగదా, చిప్పలో ఎంగిలి బీరు కూడా పొయ్యదు" అన్నాడు బూరియా.

అన్నాక ఇద్దరి చూపూ ఒకే చోటికి పోయింది. వరదకు అందకుండా ఇంట్లోకి చేరిన బట్టల్లో అన్నిటికంటే పైన, మడత నలగకుండా ఉన్న పైబట్ట ఇలితూరది. ఇలితూర కాలువల పెద్ద. ఏ పొలానికి ఎన్నాళ్ళు నీళ్ళు వదలాలో ఆయనే తేల్చాలి. ఆయన దారిన వస్తుంటే రైతులు ఆవలిగట్టు నుంచే దణ్ణాలు పెట్టేవాళ్ళు. ఆ పైబట్ట ఆయనకు తగ్గట్టే ఉండేది. మెత్తటి ఉన్ని, అంచంతా మూడేసి ముళ్ళు వేసిన కుచ్చులు.

రుత్తే దాన్ని తీసి మొగుడి భుజాన వేసింది. కుచ్చులు సర్ది, వెనక్కి జరిగి చూసి, "వంగకు. నిటారుగా నడు. అప్పు అడిగేవాడిలా కనపడకు" అంది.

హుజాలకు అరవై దాటాయి. మొగుడు పోయాక ముప్పై ఏళ్ళుగా బీరు దుకాణం ఒంటిచేత్తో నడుపుతోంది. అక్షరం ముక్క రాదు. రాదని చెప్పుకోవడం ఆమెకు గొప్ప. ఇంటి దూలానికి ఒక రెల్లు బుట్ట వేలాడుతుంటుంది, అందులో అప్పుల పలకలు ఉంటాయి. ఏది ఎవరిదో ఆమె వేలితో తడిమి చెప్పేది. ఎందుకంటే పలక పచ్చిగా ఉన్నప్పుడు అప్పు తీసుకున్నవాడు తన బట్ట అంచు దాని మీద అద్దాలి. కొందరు షావుకార్లు గోరు గుర్తు వేయించుకుని ఊరుకుంటారు, హుజాల ఒప్పుకునేది కాదు. "గోళ్ళు అందరివీ ఒకటే. అంచు చూడు, నేతను బట్టి మనిషి కనపడతాడు" అనేది. కట్టాల్సింది కట్టేశాక ఆ మనిషి అంచు పట్టుకుని, బుట్టలో దానికి సరిపోయే పలక తీసి, గుమ్మం రాతి మీద వేసి పగలగొట్టేది. పలక పగిలితే అప్పు పోయినట్టు. పలక ఉంటే ఉన్నట్టు.

బూరియా ఠీవిగానే వెళ్ళాడు. హుజాల అతన్ని ఎగాదిగా చూసింది. "ఏంట్రోయ్, చాకలోడికి మంచి గుడ్డే ఉందే!"

"మా తాతది పెద్దమ్మా" అన్నాడు. అబద్ధమాడటం అలవాటు లేక గొంతు కీచుమంది.

లేఖరి హునాబు రేవు పందిరి కింద నుంచి వచ్చి, ముందుగా ఒక కుండ బీరు ఖాళీ చేసి, తడి మట్టి ముద్దను అరచేతిలో ఒత్తి రెల్లు పుల్లతో రాయడం మొదలుపెట్టాడు. ఆరు మోతల యవలు. వడ్డీకి బదులు పెళ్ళాం రుత్తు హుజాల ఇంట్లో పనిచేస్తుంది. అప్పు తీరి పలక పగిలిన రోజున ఆమె ఇంటికి పోతుంది. ఈ పలక ఎవరు తెచ్చి చూపితే వాళ్ళకే అప్పు కట్టాలి. రాసింది చదివి వినిపించి, పలక ముందుకు జరిపాడు. "ఊఁ. అంచు అద్దు."

బూరియా భుజం మీది కుచ్చుల వంక చూసుకున్నాడు. గొప్పగా కనపడాలన్న ఆలోచనే తప్ప, ఆ గొప్పకు ముద్ర వేయాల్సి వస్తుందని అతనికి తట్టనే లేదు. నిజం చెబుదామా అనుకున్నాడు. గుమ్మంలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళ తరఫు మనిషి నిలబడి ఉన్నాడు. ఇలితూరగారి మూడు ముళ్ళ కుచ్చులను పచ్చి మట్టిలో అద్దేశాడు. ఇంటికొచ్చి ఆ బట్టను మళ్ళీ మూడుసార్లు ఉతికాడు, మట్టి ఆనవాలు ఉండకూడదని.

రుత్తు హుజాల ఇంటికి వెళ్ళింది. ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. "గంజి అడుగంటకుండా కలుపుతుండు" అని ఒక్క మాట చెప్పి పోయింది.

బూరియా రెండేళ్ళు అడుగంటిన గంజే తాగాడు.

రుత్తు చేతిలో ఏముందో గానీ, ఆమె వెళ్ళిన నాలుగు నెలలకే హుజాల దుకాణం తీరు మారిపోయింది. యవలు ఎంత నానాలో, మొలక ఎప్పుడు ఆపాలో, ఖర్జూరం ఎంత కలపాలో ఆమె ముక్కుతోనే చెప్పేది. పెద్ద బాన చుట్టూ రెల్లు గొట్టాలు పెట్టుకు కూర్చునే జనం రెట్టింపయ్యారు. హుజాలకు పని మనిషి దొరికిందన్న మాటే గానీ, నిజానికి యజమానే దొరికింది. "ఆ బాన ముట్టుకోకు పెద్దమ్మా, ఇంకా కుదురుకోలా" అని రుత్తు కసిరితే, హుజాల చెయ్యి వెనక్కి తీసుకునేది.

బూరియా మూడు రోజులకోసారి దుకాణానికి వచ్చేవాడు. బీరు వడగట్టే గుడ్డలు తీసుకుపోయి ఉతికి తేవడానికని వంక. కూలి అడిగేవాడు కాదు. హుజాల నవ్వేది. "గుడ్డలు మొన్ననేగా తీసకపోయావు! మళ్ళీ మాసినయ్యా?"

"మాసినట్టు అనిపించింది పెద్దమ్మా."

రుత్తు లోపలి నుంచి, "చిక్కిపోయావు" అనేది. అతను, "నువ్వు ఒళ్ళు చేశావు" అనేవాడు. గుడ్డల మూట చేతులు మారేది. ఆ మాత్రానికే అతను తొట్టిలో రెండు రోజులు పాడుకుంటూ తొక్కేవాడు.

రెండో ఏడు కోతలయ్యాయి. ఊళ్ళో పాత బాకీలన్నీ కోతలప్పుడే తీరతాయి, చాకలి బాకీలూ అప్పుడే వసూలవుతాయి. బూరియా గడపగడపా తిరిగాడు. ఆరు మోతలు పూర్తయిన రోజు పొద్దున్నే ఆరు గాడిదలు అద్దెకు మాట్లాడి, వాటికి ముందు తాను నడుస్తూ రేవు వీధిలోకి వచ్చాడు. జన్మలో అంత ఊరేగింపు అతనికి ఎప్పుడూ జరగలేదు.

"రుత్తూ! మూట సర్దుకో!" అని వీధి మొగలోంచే కేకేశాడు.

రుత్తు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది. హుజాల ముఖం మాత్రం కాస్త వాడింది. ఆరు మోతలు వస్తున్నందుకు సంతోషించాలో, రుత్తు పోతున్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. అయినా మాటంటే మాటే. బుట్ట దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏదీ, అంచు ఇటు తే."

బూరియా పైగుడ్డ కొస అందించాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. గాడిదలు, యవలు, రుత్తు, ఇన్ని తలుచుకున్నవాడు ఆ ఒక్కటీ మరిచిపోయాడు.

హుజాల ఆ పీలికల కొస తడిమింది. పలకలు ఒక్కొక్కటే తడిమింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. "నీది లేదురా ఇందులో."

"లేకపోవడమేంటి?"

"ఈ ముతక నేత ఒక్కదాని మీదా లేదు. పైగా ఇదేంటి?" ఆమె వేళ్ళు ఒక పలక దగ్గర ఆగిపోయాయి. "మూడు ముళ్ళు! ఇది పోయినేడే నా చేత్తో పగలగొట్టాను! పగిలిన పలక లేచొచ్చి బుట్టలో కూర్చుందర్రా!"

బాన చుట్టూ ఉన్నవాళ్ళు గొట్టాలు వదిలేసి ఇటు తిరిగారు. ఎవరో హునాబును పిలుచుకొచ్చారు. ఆయన వస్తూనే అలవాటుగా గొట్టం అందుకోబోతే, హుజాల చేతి మీద ఒక్కటేసింది. "ముందు చదువు, తర్వాత తాగుదువు గాని!"

హునాబు పలకలన్నీ వెలుగులోకి తెచ్చి, ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకుని చదివాడు. బూరియా పేరుతో పలక లేదు. మూడు ముళ్ళ ముద్ర ఉన్నదాన్ని రెండుసార్లు చదివాడు. "నాలుగు మోతల యవలు. తీసుకున్నది ఇలితూర. నేనే రాశాను, నా రాతే."

"ఆయన పోయినేడు కట్టేశాడయ్యా! నువ్వు కోతల లెక్కలకని పల్లెలు పట్టి పోయినప్పుడు. అంచు పట్టుకు చూసే పగలగొట్టాను!"

"అయితే నువ్వు పగలగొట్టింది ఏదో మరి. ఇది మాత్రం ఆయనదే, నిక్షేపంలా ఉంది. అంటే ఆయన అప్పూ నిక్షేపంలా ఉన్నట్టే."

"నీ రాతే తప్పు!"

"నా రాతా? ముప్పై ఏళ్ళుగా రాస్తున్నా! నీ వేళ్ళదే తప్పు!"

ఇద్దరూ జుట్లు పట్టుకునేలా ఉన్నారు. బూరియాకు సంగతంతా అర్థమైపోయింది. పోయినేడు బుట్టలో మూడు ముళ్ళ పలకలు రెండుండేవి. ఇలితూర కట్టడానికి వచ్చినప్పుడు హుజాల వేలికి ముందు తగిలింది తనది. తల ఎత్తి చూశాడు. రుత్తు అతన్నే చూస్తోంది. ఆమెకూ అర్థమైంది. ఆ బట్ట భుజాన వేసింది ఆమేగా.

"ఒకటే దారి" అన్నాడు హునాబు, కాస్త చల్లబడ్డాక. "బూరియా పలక ఎవరి చేతిలో పడిందో తెలీదు. రేపు ఎవడో పట్టుకొచ్చి ఆరు మోతలు పెట్టు, లేదా నీ పెళ్ళాన్ని పంపు అంటే, పెట్టాల్సిందే. కాబట్టి ఇవాళ ఈ యవలు దించకు. పలక పోయిందని బూర ఊదేవాడితో ఊరంతా చాటించాలి. న్యాయాధికారులు కూర్చోవాలి. వచ్చే కోతల నాటికి తేలుతుంది."

"అప్పటిదాకా రుత్తు?"

"పలక పగిలినట్టు రుజువు లేదుగా. ఇక్కడే."

ఈలోగా ఇలితూర వచ్చేశాడు. తన పేరు బీరు దుకాణంలో నలుగుతోందని ఎవరో చేరవేశారు. అదే పైబట్ట, అవే కుచ్చులు. కాలువల పెద్ద బీరమ్ముకునే ముసలమ్మ దగ్గర అప్పు చేశాడన్నది ఊరికి తెలియకూడదనే ఆయన పోయినేడు ఎవరూ లేని వేళ చూసి వచ్చి కట్టిపోయాడు. ఇప్పుడు ఊరంతా ఇక్కడే ఉంది.

"నేను కట్టేశాను!" అన్నాడు.

"సాక్షులెవరు?" అన్నాడు హునాబు.

ఎవరూ చూడకూడదనుకున్నవాడికి సాక్షులెక్కణ్ణించి వస్తారు?

బూరియా లోలోపలే లెక్క వేసుకున్నాడు. చెప్పేస్తే ముడి విడిపోతుంది. కానీ చెప్పడమంటే, ఈ జనం ముందు, ఈ మనిషి ముందు, ఉతకమని ఇచ్చిన బట్ట కట్టుకు తిరిగానని ఒప్పుకోవడం. ఆ తర్వాత సిప్పర్‌లో ఏ ఇల్లు అతనికి మూట వేస్తుంది? రేవు పోతే తిండి పోయినట్టే. అతను గాడిదల వంక చూశాడు. అందులో ఒకటి ముందున్న గాడిద మీది గోనె కొరికి తాపీగా యవలు నములుతోంది.

అప్పుడు రుత్తు మాట్లాడింది. గొంతు మామూలుగా ఉంచుకోవాలని చూసింది. "పోనీలేయ్యా. గోల ఎందుకు? నేనుంటాలే ఇంకో ఏడు. నాకిక్కడ ఏం కష్టంగా ఉందని?" అని, మొగుడికి మాత్రమే తెలిసేలా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు, అని.

తన పరువు కోసం, తన రేవు కోసం ఆమె ఇంకో ఏడాది బతుకు తీసి ఇస్తోంది. బూరియాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అణుచుకోవడానికే అతను గట్టిగా అరిచినంత పని చేశాడు.

"నా పలక మీదా అదే ముద్ర! ఆ రోజు అయ్యగారి పైబట్ట నేనే కట్టుకొచ్చాను! నాకు మంచి గుడ్డ లేదు. మా తాతదని అబద్ధం చెప్పి, అయ్యగారి అంచే అద్దాను. పోయినేడు పగిలింది నా పలక!"

గాడిద నమలడం ఒక్కటే వినిపించింది.

ఇలితూర ముఖం ఎర్రబడింది. "నా బట్ట! నువ్వు! నా బట్ట కట్టుకుని, చాకలి వెధవా, ఈ బీరు కొట్టుకి..." చెయ్యెత్తాడు. బూరియా కళ్ళు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. హునాబు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, కొట్టే ముందు ఒక్కమాట. ఇతను చెప్పింది అబద్ధమైతే తమరు నాలుగు మోతలు మళ్ళీ కట్టాలి. నిజమైతే తమ అప్పు ఎప్పుడో తీరిపోయింది. తమరికి ఈ ఊళ్ళో ఉన్న సాక్షి ఇతనొక్కడే."

ఎత్తిన చెయ్యి గాలిలోనే కాసేపు ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా దిగి, బూరియా భుజం మీద వాలింది. ఆ వాలడం ఎంతో ప్రేమగా ఉంది.

"బూరియా! నిజమేనా నాయనా? నా బట్టే కట్టుకున్నావా?"

"కట్టుకున్నానయ్యా. తప్పయిపోయింది."

"తప్పేముంది అందులో! గట్టిగా చెప్పు. అక్కడ వెనకున్నవాళ్ళకు వినపడలా."

"అయ్యగారి బట్టే కట్టుకున్నా!"

"ఇంకా గట్టిగా! షమషు దేవుడి వైపు తిరిగి, చెయ్యెత్తి చెప్పు!"

బూరియా వీధి మధ్యకు వెళ్ళి, నడినెత్తిన ఉన్న సూర్యుడికి చెయ్యెత్తి, కాలువల పెద్ద ఇలితూరగారి బట్టను తాను కట్టుకున్నానని ప్రమాణం చేశాడు. ఇలితూర పక్కనే నిలబడి ప్రతి మాటకూ తల ఊపాడు. జనం ఇక ఆపుకోలేకపోయారు. నవ్వీ నవ్వీ ఒకడు బాన మీద పడబోయాడు.

"ఓరి నాయనా, ఆ బాన!" అని రుత్తు పరుగెత్తింది. పరుగెత్తి, బాన పట్టుకుని, అలాగే ఆగిపోయింది. "పెద్దమ్మా! పోయినేడు గుమ్మం దగ్గర పగిలిన పలక ముక్కలు ఊడ్చింది నేనేగా?"

"ఊఁ, అయితే?"

"ఈ పెద్ద బాన ఒక పక్కకి ఒరుగుతుంటే, ఎత్తు కోసం దీని కిందే పెట్టాను!"

ముగ్గురు మగవాళ్ళు బానను ఎత్తి పట్టుకున్నారు. రుత్తు చెయ్యి పెట్టి తడిసిన మట్టి ముక్కలు లాగింది. హునాబు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఒక ముక్క మీద సగం మూడు ముళ్ళ కుచ్చు. ఇంకో దాని మీద "బూరియా, చాకలి". మూడో దాని మీద "పెళ్ళాం రుత్తు".

"దొరికింది" అన్నాడు హునాబు. తర్వాత ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. లెక్కలు రాసేవాళ్ళకే అర్థమయ్యే ఆనందం అది. "అంటే, పలక పగిలి ఏడాదైంది. రుత్తు విడుదలై ఏడాదైంది. ఈ ఏడాదంతా ఈమె నీ తాకట్టు మనిషి కాదు హుజాలా, కూలి మనిషి. కూలి బాకీ ఉంది."

హుజాల గుమ్మం రాతి మీద కూలబడింది. "కూలా! ముప్పై ఏళ్ళలో నేను ఒకరికి బాకీ పడ్డానా!" అని నెత్తి కొట్టుకుంది. కొట్టుకుని, వేళ్ళకేసి చూసుకుంది. "చచ్చిన వేళ్ళు."

రుత్తు ఆ ముక్కలు చేతిలో పట్టుకుని నిలబడింది. ఏడాదిగా తనను కట్టి ఉంచిన పలక తన బాన కిందే పగిలి పడుంది. రోజూ పొద్దున లేచి దాని మీదే బీరు కాచింది. కోపం రావాల్సిందే, కానీ ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, అదీ మొదటిసారి జనం ముందు.

హునాబు ఇంకో మాట కూడా అన్నాడు. పలక పగిలింది కాబట్టి బూరియా ఏమీ కట్టక్కర్లేదట, ఆరు గాడిదలనూ వెనక్కి తోలుకుపోవచ్చట. బూరియా ఒప్పుకోలేదు. "తిన్నది తిన్నాను అయ్యా. ఆవిడ యవలతోనే పద్నాలుగు ఇళ్ళవాళ్ళ నోళ్ళు మూయించాను. పలక పొరపాటున పగిలిందని అప్పు ఎట్టా ఎగ్గొడతాను?"

చివరికి హుజాలే తేల్చింది. మూడు మోతలు దింపించుకుంది. మూడు రుత్తు కూలి కింద వెనక్కి పంపింది. ఇలితూర పలకను హునాబు మరోసారి చదివాక, ఆయన కళ్ళ ముందే గుమ్మం రాతి మీద వేసి పగలగొట్టింది. ఇలితూర ప్రతి ముక్కనూ ఏరించి నదిలో పారేయించాడు.

"మరి నా బానలు?" అంది హుజాల, రుత్తు మూట చంకన పెట్టుకున్నాక. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"రేపు పొద్దున్నే వస్తాలే. కూలికి వస్తా. పొద్దుగూకితే నా ఇంటికి పోతా."

"ఎంత కూలి?"

"రేపు చెబుతా. ఇవాళ చెబితే నువ్వు తట్టుకోలేవు."

ఆ సాయంత్రం రుత్తు ఇంట్లో అడుగుపెట్టి, గంజి కుండ అడుగు చూసి, ఏమీ అనకుండా దాన్ని బయటికి విసిరేసింది. కొత్త కుండ పొయ్యి మీద పెట్టింది.

రేవు పోలేదు. రెండిళ్ళవాళ్ళు మాత్రం మూటలు మానేశారు. మిగతావాళ్ళకు అది ఏడాది పొడుగునా సరదా అయిపోయింది. మూట ఇస్తూ, "ఇది కట్టుకోకు బూరియా, నీకు పొట్టిదవుద్ది" అనేవారు. ఇలితూర మాత్రం తన పైబట్ట ఎప్పుడూ బూరియాకే వేశాడు. వేరే చాకలికి వేస్తే వాడేం చేస్తాడో ఎవరికి తెలుసు అనేవాడు.

ఆ మూడు మోతల యవల్లో ఒక మోత పెట్టి రుత్తు ఉన్ని కొంది. పగలంతా బానల దగ్గర, పొద్దుగూకాక మగ్గం దగ్గర. చలికాలం వచ్చేసరికి ఒక పైబట్ట పూర్తయింది. అంచుకు దానిమ్మ తొక్క రంగు అద్దింది. కుచ్చులకు రెండు ముళ్ళు, మధ్యలో ఒక అల్లిక. అలాంటి అల్లిక ఊళ్ళో ఇంకెవరి బట్టకూ లేదు. లేదని బూరియాకు తెలుసు, ఊరి అంచులన్నీ అతని చేతుల మీదుగా పోయేవే.

రుత్తు దాన్ని అతని భుజాన వేసింది. కుచ్చులు సర్దింది. వెనక్కి జరిగి చూసింది.

"నిటారుగా నడవమంటావా?" అన్నాడు బూరియా.

"నీ ఇష్టం. ఎట్టా నడిస్తే ఏంటి ఇప్పుడు?"

ఆ బట్ట కట్టుకుని దుకాణానికి వెళ్తే హుజాల మెచ్చుకుని, అలవాటు కొద్దీ అంచు తడమబోయింది. బూరియా నవ్వుతూ కుచ్చులు గుప్పిట్లోకి లాక్కున్నాడు. "దీన్ని నీ వేళ్ళకు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు పెద్దమ్మా."

అతను దాన్ని పద్దెనిమిదేళ్ళు కట్టాడు. చౌడులో ఎంత తొక్కినా ఆ రంగు దిగలేదు. సిప్పర్‌లో ఏ మట్టి పలక మీదా ఆ అంచు ముద్ర ఎప్పుడూ పడలేదు.